ఇంటి దగ్గర ఉండమని చెప్పను

హెడ్ మాస్టారికి నమస్కారం.

రేపు తనిఖీకి వచ్చేవారి ముందు పరువు పోతుందని, చదవడం రాని పిల్లల్ని ఇంటి దగ్గరే ఉండమని చెప్పమన్నారు. నేను చెప్పను.

ఏడో తరగతికొచ్చినా కూడబలుక్కుని చదువుతుందని మీరు మొద్దు అన్న పిల్ల, ఈ ఏడంతా మెట్ల కింద గదిలో నా దగ్గర కూర్చుంది. తను చెప్పిన కబుర్లే తనచేత రాయించి, వాటినే చదివించాను. నిన్న కొత్త పాఠం మొత్తం చదివింది. ఒత్తుల దగ్గర తడబడింది కానీ వదల్లేదు. అయ్యాక, "టీచర్, ఇంకోటి ఉందా?" అనడిగింది.

రేపు అందరికంటే ముందు ఆ పిల్లే చదువుతుంది. ఆలస్యమైతే వచ్చినవారు ఆగుతారు. నన్ను తీసేస్తామంటే అది ఎల్లుండి మాట.

వినడానికి వాళ్ళమ్మని కూడా రమ్మన్నాను. ముందు వరుసలో మీ పక్కనే కుర్చీ వేయిస్తున్నాను.

ఇట్లు,
మెట్ల కింద గది టీచరు