మా బండికేం రోగం లేదన్న

మంగళవారం.

మా కొత్త పికప్ ఇయ్యాల మిర్యాలగూడల మిల్లు లైన్ల మళ్ల బందయింది, మీద వడ్ల లోడు. కొడుకు బానెట్ లేపిండు. నేను చెయ్యి పెట్టబోతే, "ముట్టకు నాయినా, దీనికి కంప్యూటర్ పెట్టి సూడాలె" అన్నడు.

పాత వ్యాను ఆగితే డీజిల్ చేతిపంపు కొట్టి పైపుల గాలి తీస్తే లేస్తుండె. సప్పుడు ఇంటే ఏడ నొప్పో తెలుస్తుండె.

గిసొంటి బండే కొన్న ఇంకో నలుగురు ఫిర్యాదు కాయితం తెచ్చిండ్రు. "అందరియి ఆగుతున్నయి, షోరూముల ఇద్దాం. సంతకం పెట్టు పెద్దాయనా."

"మా బండికేం రోగం లేదు" అన్న.

లేపిన బానెట్ సూసి నవ్విండ్రు. కొడుకు నవ్వలే. వ్యాను అమ్మి ఇది కొందామని పట్టువట్టింది నేనేనని వానికెరుక.

సంతకం లేకుంటే మా ఇంజన్ ఎవడు సూస్తడు? రేపు పోయి సంతకం పెడ్త. ఇంతకుముందు సంతకం పెట్టింది వ్యాను అమ్మిన కాయితం మీదనే. ఆ పొద్దు కొన్నోడు తాళం తిప్పంగనే లేసింది.