నిదానం గదికి చోటు

మైపాడు

ప్రియమైన రేవతక్కకు,

మీ తమ్ముడు బెన్హర్ వందనాలు. నాలుగేళ్ళుగా రోజూ మాట్లాడుకుంటున్నాం కానీ మీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. మీరు పంపిన నిమ్మకాయ ఊరగాయ పార్శిల్ మీద గూడూరు చిరునామా ఉండబట్టి సరిపోయింది. లేకుంటే మిమ్మల్ని ఎక్కడని వెతికేది?

'నిదానం' తెరుచుకోవడం లేదని కంగారు పడుతూ ఉంటారు. మన చాట్ గది ఏదో ఒక కంప్యూటర్లో పగలూ రాత్రీ నడుస్తూ ఉండాలి కదా. ఇన్నాళ్ళూ ఒక కంపెనీ దగ్గర కాస్త చోటు అద్దెకు తీసుకుని నడిపాను. నాలాంటి చిన్నవాళ్ళకిచ్చే ఆ చౌక అద్దె వాళ్ళు ఎత్తేశారు. మిగతా కంపెనీలు అడిగేది నా ఐసు ఫ్యాక్టరీ జీతంతో అయ్యే పని కాదు.

ఫోన్లో గ్రూపు పెట్టుకోవచ్చు కదా అంటారు తెలియనివాళ్ళు. గ్రూపంటే నెంబరివ్వాలి, నెంబరిస్తే ఫోను మోగుతుంది, మోగితే మాట్లాడాలి. నత్తి ఉన్న ముప్పై మందిమి నెంబర్లు లేకుండా, తొందర లేకుండా కూర్చునే చోటు మనకు అదొక్కటే.

ఒక ఉపాయం తట్టిందక్కా. మా ఫ్యాక్టరీలో కరెంటు పోనివ్వరు, నెట్టు ఉంది. కంప్యూటరుకు చల్లదనం మంచిదంటారు. ఐసుకంటే చల్లనిదేముంది? యజమానిని ఒప్పించి నా పాత కంప్యూటర్ని అక్కడొక మూల పెడుతున్నాను. త్వరలో గది తెరుస్తాను.

మీ తమ్ముడు,
బెన్హర్


గూడూరు

ప్రియమైన తమ్ముడు బెన్హర్‌కు,

అక్క ఆశీస్సులు. నీ ఉత్తరం చూసేదాకా మీరందరూ నన్ను వదిలేసి వేరే గదిలోకి వెళ్ళిపోయారనుకున్నాను. ఆ కోపంతో రెండు జాకెట్లు పాడు చేశాను కూడా.

గది మూతపడ్డాక నా సంగతి వినరా. నిన్న ఒకావిడ జాకెట్టు గుడ్డ తెచ్చింది. "శ... శని..." దగ్గర ఆగాను. "శనివారానికే కదా, మంచిది" అనేసి వెళ్ళిపోయింది. నేను చెప్పబోయింది శనివారం కుదరదని. ఇప్పుడు నడుము విరిగేలా కుట్టి ఇచ్చుకోవాలి. ఇదివరకైతే ఇలాంటిది జరిగిన వెంటనే గదిలో రాసేదాన్ని. మీరంతా నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు, ఏడుపొస్తోంది. దుకాణం మూసి ఇంటికొస్తే గోడలే దిక్కు. ఎలాగైనా మన గది తెరువు నాయనా.

ఒక మాట. ఐసు దగ్గర తడి ఉండదా? నాకు కుట్టు మిషను తప్ప వేరే యంత్రం తెలియదనుకో. దానికి మాత్రం తడి తగిలితే తుప్పే.

ఆశతో,
నీ రేవతక్క


మైపాడు

ప్రియమైన అక్కా,

మీ నోట చక్కెర పోయాలో, ఇంకేం పోయాలో తెలియడం లేదు. అచ్చం మీరన్నట్టే అయింది. ఐసు చెమ్మ ఒకవైపు, ఉప్పుగాలి ఒకవైపు. విప్పి చూస్తే లోపల బోర్డంతా పచ్చగా చిలుము పట్టి ఉంది. సముద్రం ఒడ్డున పుట్టి, పడవలకు రంగులు ఎందుకు పూస్తారో తెలిసి కూడా ఈ పని చేశానంటే నా తెలివిని ఏమనాలి! మన పాత కబుర్లన్నీ ఉన్న డిస్కు మాత్రం బతికింది, దిగులు పడకండి.

ఇక మిగిలింది మా చర్చి. ఆరాధన ఊళ్ళో లేనివాళ్ళు కూడా చూడాలని నెట్టు పెట్టించారు. మైకు కోసం ఇన్వర్టరు ఉంది. గది పొడిగా ఉంటుంది. కానీ అడగాలంటే ఆదివారం, దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల వేళ, సంఘమంతటి ముందు లేచి నిలబడి చెప్పాలి. నేను ఇంతవరకు ఒక్కసారి కూడా సాక్ష్యం చెప్పలేదక్కా. నా వంతు వస్తే పాట పాడి కూర్చుంటాను. పాటలో నత్తి రాదు కదా. చోటు ఇమ్మని పాట కట్టి పాడనా అని కూడా ఆలోచించాను.

మీ సలహా కోసం చూస్తూ,
బెన్హర్


గూడూరు

ప్రియమైన తమ్ముడూ,

పాడొద్దు. పాడితే బాగా పాడావని మెచ్చుకుంటారు, చోటు మాత్రం ఇవ్వరు. లేచి అడుగు. నత్తితోనే అడుగు. గదిలో మాకందరికీ 'నిదానం' అని చెప్పేవాడివి, ఇప్పుడు నీకు నేను చెబుతున్నాను.

రేవతక్క


మైపాడు

అక్కా,

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అందుకే ఇంత ఆలస్యం.

పోయిన ఆదివారం లేచాను. "ముప్పై మందికి చోటు కావాలి" దాకా ఎలాగో వచ్చాను. కంప్యూటరు అనే మాట గొంతులో అడ్డం పడింది. నా వెనక వరసలో మగ్దలీనమ్మ గారు కూర్చుంటుంది. మా అమ్మకు స్నేహితురాలు, మనసు వెన్న. నా అవస్థ చూడలేక లేచి, "ముప్పై మంది చుట్టాలొస్తా ఉండారంట అయ్యా. భోజనాలకు చోటు కావాలంట బిడ్డకు" అనేసింది. పాస్టరు గారు స్తోత్రం అన్నారు. సంఘపెద్ద జకరయ్య గారు అక్కడికక్కడే బల్లలు లెక్కపెట్టాడు.

మా దగ్గర ఆడవాళ్ళు అన్నం వండేటప్పుడల్లా దేవుడి పేర పిడికెడు బియ్యం పక్కకు తీస్తారు, మీకు తెలుసో లేదో. ఇప్పుడు నా చుట్టాల కోసం ప్రతి ఇంట్లో ఇంకో పిడికెడు తీస్తున్నారు. వీధిలో ఎదురైన ప్రతి ఒక్కరూ వాళ్ళెప్పుడొస్తారని అడుగుతున్నారు. నేను తలూపుతున్నాను. చాట్ గది సంగతి ఇక వదిలేద్దాం అక్కా. నా వల్ల కాదు.

బెన్హర్


గూడూరు

బెన్హర్,

తలూపావా? తలూపావూ?

నాకు నలభై ఆరేళ్ళు. బడిలో నా జవాబు పంతులు చెప్పాడు. పెళ్ళిచూపుల్లో నా ఇష్టం మా పిన్ని చెప్పింది. కుదిరిన సంబంధం చెడిపోయినప్పుడు నాకు బాధ లేదని కూడా పక్కవాళ్ళే చెప్పారు. అన్నిటికీ తలూపాను. నా మాట చివరిదాకా నేను చెప్పుకున్నది నువ్వు తెరిచిన గదిలోనే. దాన్ని ఒక పెద్దావిడ మంచితనానికి భయపడి మూసేస్తావా?

ఆమె తప్పేం లేదు. ఆగాలని ఆమెకు ఎవరు చెప్పారు గనక? నువ్వు చెప్పు. చెప్పేదాకా నాకు ఉత్తరం రాయకు.

రేవతి


మైపాడు

ప్రియాతి ప్రియమైన రేవతక్కకు,

చెప్పాను.

నిన్న ఆరాధనలో లేచి నిలబడ్డాను. "చుట్టాలు కాదు" అన్న ఒక్క ముక్కకే చెమట పట్టింది. ముందు వరసలో జకరయ్య గారు అందుకోబోయాడు. నేను చేయెత్తి, "న... నన్నే చెప్పనీండి" అన్నాను. అప్పుడు వెనక నుంచి మగ్దలీనమ్మ గారు, "ఉండయ్యా, బిడ్డను చెప్పుకోనీ" అంది.

చెప్పాను అక్కా, మొత్తం. మన గది, మన నత్తి, మీ శనివారం జాకెట్టు, ఐసు ఫ్యాక్టరీలో నా నిర్వాకం, అన్నీ. ఎంతసేపు పట్టిందో తెలియదు. చంటిపిల్లలు నిద్రపోయారు. పెద్దవాళ్ళు మాత్రం ఒక్కరూ కదల్లేదు. అయ్యాక జకరయ్య గారు, "పాటలు తెర మీద వేసే కంప్యూటరు వారమంతా ముసుగేసుకుని కూర్చోనుండాది గదా, దాన్ని వాడుకో" అన్నాడు. అద్దె లేదు. ఆదివారం ఆరాధన జరిగేంతసేపు మన గది మూసి ఉంటుంది, అంతే షరతు. డిస్కు పెట్టేశాను. మీరు చివరిసారి రాసిన మాట అలాగే ఉంది.

బయటికొచ్చాక మగ్దలీనమ్మ గారి చేతులు పట్టుకుని, చుట్టాలు లేరు కాబట్టి బియ్యం వెనక్కి తీసుకోమన్నాను. ఆమెకు కోపమొచ్చింది. "పక్కకు తీసిన పిడికెడు మళ్ళీ డబ్బాలో పోసుకుంటామా? అట్టా కుదరదు. ఆ ముప్పై మందినీ రమ్మను" అంది. మామిడికాయ వేసి చేపల పులుసట. మనవాళ్ళందరికీ ఊరగాయ పంపింది మీరే, చిరునామాలు మీ దగ్గరే ఉన్నాయి. గది తెరిచానని, భోజనానికి రమ్మంటున్నారని మీరే కార్డులు రాయాలి. వచ్చే నెల మొదటి ఆదివారం.

మీ తమ్ముడు,
బెన్హర్


గూడూరు

నా బంగారు తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి దుకాణంలో బోరున ఏడ్చాను. శనివారం జాకెట్టు ఆవిడే అప్పుడూ వచ్చింది, ఏమైందని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో అందుకోబోతే ఆగమన్నాను. ఆగింది!

కార్డులన్నీ రాశాను. ఎంతమంది వస్తారో తెలియదు. మనవాళ్ళలో భానుప్రియ వస్తానని గదిలో రాసింది. మధుబాబు భయంగా ఉందంటూనే బస్సు వేళలు అడిగాడు. నేను మాత్రం తప్పక వస్తున్నాను, ఊరగాయ జాడీతో సహా.

గదిలో మళ్ళీ కలుస్తూనే ఉన్నాం. ఈ ఒక్క మాట మాత్రం కాగితం మీదే రాయాలనిపించింది. నేను బస్సు దిగగానే నువ్వు చేయి ఊపి సరిపెట్టేస్తావు, నాకు తెలుసు. నాకది చాలదు. నాలుగేళ్ళుగా నీ మాటలు చదివాను, నీ గొంతు వినలేదు. 'రేవతక్కా' అని పిలువు. 'ర' దగ్గర నీకెంత కష్టమో నువ్వే ఒకసారి రాశావు. పరవాలేదు. బస్సు వెళ్ళిపోయినా, పులుసు చల్లారినా, నా పేరు నువ్వు పూర్తి చేసేదాకా అక్కడే నిలబడి ఉంటాను.

ఆ తర్వాత నీ పేరు నేను పిలుస్తాను. 'బ' నాకేం తేలిక కాదు. నువ్వూ నిలబడు.

నీ అక్క,
రేవతి