ఎడమ చేత్తో మజ్జిగ

భీమవరం,
జూన్ 4

ప్రియమైన పెద్దమ్మకి,

నమస్కారాలు. చెవులు వినిపించడం మానేశాక మీరు ఫోన్ బీరువాలో పడేశారు కాబట్టి, ఈ రోజుల్లో కూడా నా చేత కలం పట్టించిన ఘనత మీదే.

నాకు సంబంధం కుదిరేలా ఉంది. అబ్బాయి పేరు సూర్యతేజ, రొయ్యల మేత వ్యాపారం. చిన్నా పెద్దా లేకుండా అందరినీ అండి అంటారు. నాన్నగారు మురిసిపోతున్నారు. కానీ ఇంతకుముందు తణుకులో ఒక సంబంధం తాంబూలాల దాకా వచ్చి ఆగిపోయిందట. ఎందుకని అడగబోతే ఆ అమ్మాయివాళ్లు తలుపేసుకున్నారు. నాకు భయంగా ఉంది పెద్దమ్మా. కాలేజీలో అన్నేళ్లు సైకాలజీ చెప్పారు కదా, మనిషి అసలు స్వభావం ఎలా పసిగట్టాలో చెప్పండి. నేను త్వరలో అవునో కాదో చెప్పాలి.

తేజగారు వ్యాపారం పని మీద రాజమండ్రి వస్తూ ఉంటారు. ఉత్తరాలు తనే అందిస్తానన్నారు. జవాబు ఆయన చేతికే ఇవ్వండి.

మీ శ్రీసత్య

రాజమండ్రి,
జూన్ 8

బంగారుతల్లి సత్యకి,

నీ పెళ్లికొడుకు ఉత్తరంతోపాటు పూతరేకులు కూడా తెచ్చాడు. మొన్న కాఫీ తాగుతూ పెరటి తలుపు గడియ వదులైందని చూశాడట, ఇవాళ కొత్తది తెచ్చి బిగిస్తున్నాడు. చప్పుడు నాకు వినబడదు గానీ, రాస్తున్న బల్ల అదురుతోంది.

ఇక పాఠం. ఫ్రాయిడ్ మనిషి నోరు జారిన చోట వెతకమంటాడు, లోపల అణచుకున్నది అక్కడే పైకి వస్తుందని. స్కిన్నర్‌కి లోపలి గొడవ అక్కర్లేదు. మెప్పు దొరికిన పని అలవాటవుతుంది, ఆ అలవాట్ల మూటే మనిషి అంటాడు. నాకు మాత్రం ఆడ్లర్ ఇష్టం. అబ్బాయిని మొట్టమొదటి జ్ఞాపకం అడుగు. ఎవరికో సాయం చేసిన సంగతి చెబితే నలుగురితో కలిసి బతికేవాడు. ఎవరినో ఓడించిన సంగతైతే ఆలోచించు. ఇంకో మాట, పని చెడినప్పుడు నిదానం ఉందో లేదో చూడు. మనిషి గుణాలు కొలిచేవాళ్లు దానికి చాలా విలువిస్తారు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ సుభద్ర

భీమవరం,
జూన్ 13

ప్రియమైన పెద్దమ్మకి,

నేను అడగనే లేదు! మీ కవరు చేతికిస్తూనే, "నాకు గుర్తున్న మొదటి సంగతి చెప్పనా అండీ?" అని ఆయనే మొదలుపెట్టారు. నాలుగేళ్లప్పుడు వానలో తడుస్తున్న దూడకి తన గొడుగు పట్టారట. మర్నాడు మా ఇంట్లో పనిచేసే ఆశాజ్యోతి ఆయన తెల్లచొక్కా మీద టీ ఒలకబోసింది. "ఫర్వాలేదమ్మా" అని నవ్వేశారు. అనుమానించినందుకు నాకే సిగ్గేసింది.

ఆశాజ్యోతి మాత్రం ఆయన వస్తే వంటింట్లోంచి కదలడం లేదు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర దానితో ఏదో అన్నారట. ఏమన్నారే అంటే చెప్పదు. ఇంకో సిద్ధాంతం ఉంటే పంపండి.

మీ శ్రీసత్య

రాజమండ్రి,
జూన్ 16

ప్రియమైన సత్యకి,

నీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. ఇక పాతవాళ్లందరినీ పక్కన పెట్టు. స్వీడన్‌లో ఒక ప్రొఫెసరు కొత్త సంగతి కనిపెట్టాడు. మనసులో కల్మషం లేనివాడు, తనకి ఇష్టమైనవాళ్ల ఇంట్లో ఏదిచ్చినా ఎడమ చేత్తో అందుకుంటాడట. కుడి చెయ్యి చాచేవాడు నటిస్తున్నట్టే లెక్క. ఇది తప్పిన సందర్భమే లేదంటున్నారు. ఈ ఒక్క పరీక్షా నెగ్గితే కళ్లు మూసుకుని ఒప్పుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ

భీమవరం,
జూన్ 20

ప్రియమైన పెద్దమ్మకి,

నెగ్గారు. కానీ నాకెందుకో సంతోషం రాలేదు.

హాల్లో పెద్దలందరూ ఉన్నారు. మామ్మగారు తన చేత్తో మజ్జిగ గ్లాసు ఇచ్చారు. ఆయన కుడి చెయ్యి సగం దాకా వచ్చి ఆగింది. దాన్ని వెనక్కి తీసుకుని ఎడమ చెయ్యి చాచారు. మామ్మగారి మొహం చిన్నబోయింది. అంత మర్యాద తెలిసిన మనిషి క్షమించమని కూడా అనలేదు. నా వైపు చూసి నవ్వారు.

ఆశాజ్యోతి పని మానేసి ఊరు వెళ్లిపోయింది, ఫోన్ కలవడం లేదు. 28వ తేదీ ఆదివారం తాంబూలాలు.

మీ శ్రీసత్య

రాజమండ్రి,
జూన్ 21

సత్యా,

ఇది మా వీధిలో ఉండే బస్సు కండక్టరు త్రిమూర్తులు తెస్తాడు. ఒక్కదానివే చదువు.

స్వీడన్ ప్రొఫెసరు ఎవరూ లేడు. ఆ సిద్ధాంతం నేను పుట్టించిందే. నువ్వు అడగకముందే అతను జవాబు చెప్పాడని రాసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. మన ఉత్తరాలు విప్పి చదివి, మళ్లీ అంటిస్తున్నాడు. తణుకు సంగతి, నీ భయం, ఆశాజ్యోతి గురించి నువ్వు రాసింది, అన్నీ చదివాడు. నేను నేర్పిన శాస్త్రమంతా, తనని చూస్తున్నారని తెలియని మనిషి మీదే పనికొస్తుందమ్మా. తెలిసినవాడికి అది నాటకం పాఠం అవుతుంది. ఆ పాఠం నేనే రాసిచ్చాను.

నాన్నకి చెప్పు. ఆయన నమ్మకపోయినా నువ్వు ఒప్పుకోకు.

పెద్దమ్మ

రావులపాలెం,
జూన్ 24

ప్రియమైన పెద్దమ్మా,

కారులో కూర్చుని రాస్తున్నాను. మీరు చెప్పినట్టే నాన్నగారు నమ్మలేదు. అందుకని నేనూ ఒక పాఠం రాసిచ్చాను. "పెళ్లి ఇష్టం లేదు, ఇంట్లో చెప్పకుండా బుధవారం పొద్దున బస్సులో మీ దగ్గరికి వచ్చేస్తున్నాను" అని రాసి, మామూలుగానే తేజగారి చేతికిచ్చాను. అది మీకు అంది ఉండదు.

ఇవాళ నాన్నగారిని బతిమాలి తీసుకొచ్చి, అరటి మార్కెట్ పక్కన కారు ఆపించాను. బస్సు ఆగగానే, అక్కడ కాచుకుని ఉన్న తేజగారు ఎక్కారు. ప్రతి సీటూ వంగి చూసి దిగారు. గెల మోసుకెళ్తున్న ముసలాయన అడ్డొస్తే మొహం మీద కొట్టారు. పడిపోయాక కూడా కొట్టారు. నాన్నగారు అన్నీ కళ్లారా చూశారు. అప్పటికప్పుడు ఫోన్ చేసి సంబంధం వద్దన్నారు.

అటునుంచి అరుపు లేదు, తిట్టు లేదు. "అలాగేనండి. పెద్దమ్మగారు మంచి పాఠాలు చెప్పారు. వెళ్లి కనబడి వస్తానండి" అని పెట్టేశారు. ఆయన కారు రాజమండ్రి వైపు వెళ్లింది.

నాన్నగారు పోలీసులకి చెబుతున్నారు. మీ పక్కింటి సత్యకుమారిగారు ఫోన్ ఎత్తడం లేదు. త్రిమూర్తులుగారి బస్సు కదలబోతోంది, ఇది ఆయనకిస్తున్నాను. అందగానే సత్యకుమారిగారింటికి వెళ్లిపోండి. ఇంట్లో తలుపులేసుకుని కూర్చోవద్దు. పెరటి గడియ బిగించింది ఆయనే పెద్దమ్మా.

మీ శ్రీసత్య