చంపాపేట అనలేక

యాదమ్మా,

నువ్వు చనిపోయి నేటికి ఏడాది. ఆస్పత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. లోపల మావారు, నువ్వు అన్నా అని పిలిచే ఆయన, ఇంకా కళ్లు తెరవలేదు. నేను చేసిన పని నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

పొద్దున ఆయనకు గుండెలో నొప్పి వచ్చింది. మా డాక్టరు ఆస్పత్రి ఉండేది చంపాపేటలో. తెలంగాణ బంద్ కదా, ఆటో కోసం వెళ్తే ఎల్బీనగర్ చౌరస్తాలో ఉద్యమం వాళ్లు రోడ్డు మీద బైఠాయించారు. వాళ్ల పక్కన ఒక్క ఆటో ఉంది.

"ఏడికి పోవాలె అమ్మా?" అని ఒకతను అడిగాడు.

చంపాపేట అనబోయి ఆగిపోయాను. పక్కింట్లో ఉన్నన్నాళ్లూ నువ్వు, "గట్ల పేట అని గుంజకు వదినా, చంపాపేట్ అను. నోరు తెరవంగనే గోదారిదానివని ఎర్కైతది" అని నవ్వేదానివి. ఆ మాట గుర్తొచ్చి భయమేసింది. ఏమీ చెప్పకుండా ఇంటికి తిరిగొచ్చేశాను.

అరగంటకు ఆయన స్పృహ తప్పారు. మళ్లీ పరుగెత్తుకెళ్లి, "చంపాపేట తీసుకెళ్లండి బాబూ, మావారికి బాగోలేదు" అని ఏడ్చేశాను.

"అయ్యో, అప్పుడే చెప్పొద్దా అమ్మా! జరుగుండ్రి, ఆటో తియ్యి!" అని అరుస్తూ అతనే ఇంటికొచ్చి ఆయన్ని ఎత్తుకున్నాడు. ఆస్పత్రి దాకా తోడొచ్చాడు.

"ఇంత ఆలస్యం ఎందుకు చేశారు?" అని డాక్టరు నన్ను కోప్పడ్డారు.

"బంద్ కదండీ, రోడ్డు మూసేశారు" అన్నాను.

అతను నా పక్కనే ఉన్నాడు, యాదమ్మా. తప్పు తనదే అన్నట్టు తల దించుకున్నాడు.