మావ్రుద్ తీగల మీద గొడ్డలి

అసెనోవ్‌గ్రాద్,
ఫిబ్రవరి.

జెల్యాజ్కో,

నీ చెయ్యి విరగ్గొట్టింది నేను. జారిపడ్డానని డాక్టరుతో చెప్పావట. ఆ అబద్ధం అక్కర్లేదు.

ద్రాక్షతీగల కత్తిరింపు మొదలుపెట్టే ట్రిఫన్ పండుగనాడు తొలి కొమ్మ కత్తిరించి, గాటు మీద వైన్ పోసి, ఊరంతా నిన్ను ద్రాక్షతోటల రాజును చేసింది. మెడలో ఆ తీగల దండతోనే గొడ్డలి పట్టుకుని మా తోటకొచ్చావు. ఒక వరుస మొత్తం మొదలంటా నరికేశావు.

"రాజుగారూ, తాగింది దిగాక రండి" అన్నాను.

"తప్పుకో బావా! మెర్లో ద్రాక్ష అయితే సెప్టెంబరులోనే కోసేవాళ్లం. ఈ ముదనష్టపు మావ్రుద్ పండేదాకా ఆగి, అక్టోబరు వానలో తడిసి, ఆ జ్వరంతోనే కదా మా అక్క పోయింది!"

మళ్లీ గొడ్డలెత్తావు. పార కర్రతో కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు విన్నాక కూడా ఇంకో దెబ్బ వేశాను.

మెర్లో వేద్దామని అడిగింది నేను. వద్దన్నది మీ అక్క నేవెనాయే. "నా తీగలు తొందరపడవు, నువ్వూ పడకు" అని నవ్వింది.

శనివారానికి ఆమె పోయి మూడు నెలలు. ఆచారంగా సమాధి మీద పోసే వైన్ ఆమె తడిసిన ఆ కోతదే. వచ్చి నువ్వే పొయ్యి. మిగిలిన వరుసలు నరకాలంటే మాత్రం ముందు నన్ను నరకాలి. రోజూ అక్కడే ఉంటున్నాను, కత్తిరింపు ఇంకా పూర్తి కాలేదు.

నీ బావ