తొట్టి నీళ్లకు మైల లేదు

కర్నూలు పాతబజారు కాపురస్తురాలు, కీర్తిశేషులు ఇల్లూరు నారాయణ గారి భార్య ఇల్లూరు అనసూయమ్మ అనే నేను, అరవై తొమ్మిదేళ్ల వయసులో, పూర్తి తెలివితో, ఎవరూ నా చేయి పట్టి రాయించకుండా ప్రకటిస్తున్న మరణశాసనం ఇది. నాకు మతి చలించిందని కోర్టులో చెప్పడానికి మా మరిది కేశవయ్య కాచుకుని ఉంటాడు. అందుకే నిన్ననే డాక్టరు సర్టిఫికెట్టు తీసుకుని దీనికి జతపరిచాను. గుండె బలహీనమేగానీ బుద్ధికి ఏ లోటూ లేదని అందులో ఉంది. ఇంతకు ముందు నేను రాసినదంటూ ఏ కాగితం బయటపడినా అది చెల్లదు.

దీని అమలుదారుగా వకీలు గాబ్రియేలు గారిని నియమిస్తున్నాను. చుట్టాల్లో ఒక్కరినీ నమ్మలేదు. ఎందుకో చదివితే వాళ్లకే తెలుస్తుంది.

1. కేశవయ్యకు: నా బీరువా కింది అరలో మూత విప్పని ఫినాయిల్ సీసా ఒకటి ఉంది. అది అతనికి సర్వహక్కులతో చెందవలెను. దాన, విక్రయాది అధికారాలన్నీ అతనివే. ఇది తప్ప నా స్థిరచరాస్తుల్లో గుండుసూది కూడా అతనికి గానీ అతని సంతతికి గానీ చెందదు.

కారణం కూడా రాస్తే మంచిదని వకీలు గారు అన్నారు. రాస్తాను, నాకేం భయం?

మా హాల్లో గోడ పొడవునా ఉన్న చేపల తొట్టి నా సొంతం. దాని ఫిల్టరు నేనే అమర్చాను. మాది పైపులు, మోటార్ల అంగడి కాబట్టి గొట్టాల కోసం ఎవరినీ అడగలేదు. తొట్టిలో పైకి పొంగిన నీరు గొట్టం గుండా కింది పెట్టెలోకి దిగుతుంది. మొదటి అరలో స్పాంజి మడ్డిని పడుతుంది. రెండో అరలో సన్న రంధ్రాల రాళ్లు సంచుల్లో ఉంటాయి. చేపల మలం నుంచి పుట్టే విషాన్ని తినే, కంటికి కనపడని జీవాలు ఆ రాళ్లలోనే కాపురం చేస్తాయి. చివరి అరలోని మోటారు నీటిని మళ్లీ పైకి ఎత్తుతుంది. ఆ జీవాలు రాళ్లకు పట్టేదాకా, నెల పైనే, చేపలు వేయకుండా రోజూ చిటికెడు మేత మాత్రం వేసి మోటారు తిప్పాను. "చేపల్లేని నీళ్లకు కరెంటు కాల్చేది లోకంలో మా వదినొక్కతే అప్పా" అని కేశవయ్య అంగడి గట్టు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పాడు. మాంసం ముట్టని ఇంట్లో చేపలేమిటని అతని బాధ. నా భర్త మాత్రం "నీ నీళ్లు నువ్వు సూసుకో, వాన్ని నేను సూసుకుంటా" అన్నాడు.

ఆయన పోయిన రోజు ఇంట్లో నిల్వ ఉన్న నీళ్లన్నీ పారబోశారు. శవం లేచిన ఇంట్లో అది మా ఆచారం, నేను తప్పు పట్టను. కానీ శ్మశానం నుంచి తిరిగొచ్చిన కేశవయ్య తొట్టి ముందు ఆగి, "ఇదేంది, మైల నీళ్లు ఇంకా ఈడనే ఉండాయి?" అన్నాడు. నన్ను మూలన చాప మీద కూర్చోబెట్టి కదలకూడదన్నారు. చేపలు చచ్చిపోతాయని అరిచాను. "మొగుడు పోతే ఈమెకు చేపల మీద ఏడుపు" అని గుంపులో ఎవరో అన్నారు. చేపల్ని టబ్బుల్లో వేశారు. నా రాళ్లను ఫినాయిల్ వేసి కడిగి మిద్దె మీద ఆరబోశారు. మర్నాడు కొళాయి నీళ్లు నింపి, "అద్దం మాదిరి ఉండాది సూడు వదినా" అన్నాడు కేశవయ్య. అవును, అద్దంలాగే ఉంది. వారం తిరగకుండా చేపలన్నీ ఆ అద్దంలో వెల్లకిలా తేలాయి. కర్మ ముగిసేదాకా నేను ఎవరి కోసం ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. కేశవయ్యా, నిన్ను క్షమించలేదు. పోయేముందైనా క్షమించి ఉంటాననుకోకు.

2. నా కుమారుడు ప్రదీప్‌కుమార్‌కు: అంగడి, అందులోని సరుకు. ఆ రోజు తొట్టి నీళ్లు తోడిన గొట్టం పట్టుకున్నది ఇతనే. వద్దురా అంటే "చిన్నాయన చెప్తాండాడు కదమ్మా" అన్నాడు. ఆ పచ్చ గొట్టం అంగడిలోనే వేలాడుతోంది. దాన్ని అమ్మరాదు, అక్కడినుంచి తీయరాదు. వాళ్ల నాయన చేతి గడియారం కూడా ఇతనికే. చిన్నప్పుడు ఆ చప్పుడు చెవిలో పడితే తప్ప నిద్రపోయేవాడు కాదు.

3. నా కోడలు సుచరితకు: నా పేర రిజిస్టరై ఉన్న ఇల్లు, తొట్టి, ఫిల్టరు. అందరూ నోళ్లు వెళ్లబెడతారని తెలుసు. మా ఇద్దరికీ పడదు. పులుసులో ఆమె చింతపండు పిండే తీరును ఇప్పటికీ ఒప్పుకోను. ఎదురు చెప్పడంలో ఆమెకు సాటి లేరు. కానీ ఆ సాయంత్రం అందరి కళ్లూ కప్పి, ఆస్కార్ అనే జాతి చేప ఒకదాన్ని, కడగని రాళ్ల సంచి ఒకదాన్ని తొట్టి నీళ్లతో సహా బకెట్టులో పెట్టి, తన బాత్రూములో గాలి మోటారు తగిలించి దాచింది. కర్మ అయ్యాక నా చెవిలో "అత్తా, ఒగటన్నా మిగిలింది" అంది. ఆ సంచితోనే ఫిల్టరు మళ్లీ బతికింది. ఆ చేప ఇవాళ పొద్దున కూడా నా వేళ్ల దగ్గర మేత తినింది.

సుచరితకు షరతులు: రాళ్లను, స్పాంజిని తొట్టిలోంచి తోడిన నీళ్లలోనే జాడించాలి. కొళాయి నీళ్లు ఒక రోజు నిలవ ఉంచిగానీ పోయరాదు. కరెంటు పోతే ఇన్వర్టరు ముందు ఫిల్టరుకు, తర్వాతే టీవీకి. క్రికెట్ ఉన్నా సరే.

4. నా అంత్యక్రియల గురించి: మొన్న ఎండాకాలం ఆసుపత్రిలో నేను కళ్లు మూసుకుని ఉంటే, నిద్రపోయాననుకుని కేశవయ్య నా కొడుకుతో, "వదిన పోతానే ముందు ఆ తొట్టి ఎత్తేయాల. మైల నీళ్లతో పాటే పోతాది" అన్నాడు. నా కొడుకు ఊఁ అన్నాడు. ఇంటికి పంపించిన రోజే నేను వీధి చివర మా అంగడి పైనున్న గదికి మకాం మార్చాను. రోజూ పొద్దున ఇంటికి వెళ్లి చేపకు మేత వేసి వస్తాను. కోడలు తరిమేసిందని వీధి వీధంతా చెప్పుకుంటోంది. పచ్చి అబద్ధం. ఆ నింద పడుతూ కూడా సుచరిత నోరు విప్పలేదు, నేను విప్పవద్దన్నాను కాబట్టి. అసలు సంగతి ఇది: శవం లేని ఇంట్లో నీళ్లు పారబోయనక్కర లేదని పురోహితుడు నాకు చెప్పాడు.

కాబట్టి నేను ఈ గదిలో పోయినా, ఆసుపత్రిలో పోయినా, నా శవాన్ని ఇంటికి తీసుకురాకూడదు. ఇక్కడినుంచి నేరుగా తుంగభద్ర ఒడ్డుకు. కర్మంతా అంగడిలోనే. నాకు మాత్రం మా గడప మీదుగానే పోవాలని ఉంది. శానా ఉంది. పెళ్లయి కాలు పెట్టిన గడప అది. అయినా వద్దు.

ఆ రోజు సుచరిత నా దగ్గరికి రానక్కర లేదు. తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చోవాలి. కేశవయ్య గడప ఎక్కితే, నేను పోయిన క్షణం నుంచి ఇల్లు ఆమెది కాబట్టి, బయటికి పొమ్మనే హక్కు ఆమెకు ఉంది. ఏడవాలనిపిస్తే అక్కడే కూర్చుని ఏడవవచ్చు. ముందు చేపకు మేత వేయాలి.

చదివి వినిపించగా విని, సమ్మతించి, నా చేత్తో సంతకం చేశాను.

కర్నూలు, తేది 14-11-2024

(సంతకం) ఇల్లూరు అనసూయమ్మ

సాక్షులు:
1. శివజ్యోతి, అంగడి పక్కన బట్టలు కుట్టే ఆమె
2. ప్రకాశం, రిటైరైన కరెంటు లైన్‌మన్