ఆదివారం మన ఇంటి వంతు

సాదలి, మార్చి 1

ప్రియమైన రూపా వాళ్ల నాయనకు,

ఫోన్లో మీతో మాట్లాడాలంటే నా గొంతు పోతోంది. మొన్న నేను మనవరాలి సంగతి చెబుతుంటే మీరు ఆవు సంగతి చెప్పారు. అందుకే ఉత్తరం. రూపకు రెండో కాన్పు సులువుగానే అయింది. ఆడపిల్ల. అచ్చం మీలాగే నుదురు ముడిచి చూస్తుంది.

ఇక్కడ మార్చి మొదట్లోనే ఎండ మండిపోతోంది. పట్టుపురుగుల షెడ్డు చుట్టూ తడి గోనెలు కట్టినా పురుగులు ఆకు ముట్టడం లేదు. అల్లుడు చేతన్ ముఖంలో కళ లేదు.

అసలు సంగతికి వస్తాను. గుట్ట కాపలాలో ఆదివారం మన ఇంటి వంతు. పోయినేడంతా నేనే వెళ్లాను. ఉగాది దాటేదాకా నేను రాలేను కాబట్టి మీరే వెళ్లాలి. బాగేపల్లి సభలో నమ్రత అనే ఆ అమ్మాయి ఏం చెప్పిందో మీకు ఇంటికొచ్చి చెప్పాను కదా. "గుట్ట కాలితే నీడా పోతాది, నీళ్లూ పోతాయి, ఎండ ఇంకా ముదురుతాది. ఒక ఊరు కాపాడితే చాలదమ్మా, చుట్టూ ఉండే ఊర్లన్నీ కలవాల" అంది. ఇరవై ఊర్లు కలిశాయి. అందులో మన ఇల్లు ఖాళీ పడితే నాకు తలకొట్టేసినట్టుంటుంది. ఏటా నిప్పు పెట్టే ఆ పాపిష్టివాడు ఈసారీ కాచుకునే ఉంటాడు.

వంటింటి గూట్లో అగ్గిపెట్టె కోసం వెతక్కండి. తొందరలో నా సంచిలో పడి వచ్చేసింది.

వేళకు తినండి.
మీ అక్కయమ్మ


మిట్టేమరి, మార్చి 6

ప్రియమైన అక్కయమ్మకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పాప పుట్టిన సంగతి వీధంతా చెప్పి బెల్లం పంచాను. ఇన్నాళ్లూ పక్కింటి ప్రేమ దగ్గర నిప్పు తెచ్చుకుని టీ కాచుకున్నాను. నిన్న అంగడిలో కొత్త అగ్గిపెట్టె కొన్నాను, దిగులు పడకు.

గుట్ట మాట మాత్రం వదిలేయి. చెవిటివాడిని కాపలా పెడితే ఊరు నవ్వదా? నా మోకాళ్ల సంగతి నీకు తెలియదా? పట్నాల్లో లక్షల బండ్లు పొగ వదులుతుంటే, ఈ గంగప్ప పోయి గుట్ట మీద కూర్చుంటే భూమి చల్లబడుతుందా? బోరు అరగంట పోసి ఆగిపోతోంది. టమాట చెట్లు తలలు వాల్చేశాయి. ఇప్పుడు కావాల్సింది వాన. మా నాయన కాలంలో గుట్ట కాలిన ఏడు వాన తప్పేది కాదు. ఈ మాటంటే నీకు కోపం, ఇంక అనను.

నువ్వు లేక ఇల్లు బోసిగా ఉంది.
గంగప్ప


సాదలి, మార్చి 11

ప్రియమైన రూపా వాళ్ల నాయనకు,

సగం పురుగులు చచ్చిపోయాయి. గంపలతో ఎత్తి గుంటలో పోశాము. పచ్చి బాలింతరాలు, రూప ఏడుస్తుంటే చూడలేకపోయాను. పాపకు ఒళ్లంతా చెమటకాయలు. ఈ ఎండలో ఆ పసిది ఇంకా డెబ్బై ఎనభై ఏళ్లు బతకాలి కదా!

మీ బండ్ల మాట నిజమే. వాటిని ఆపడం నా ఒక్కదానివల్ల కాదు. కానీ ఇక్కడ ఆడవాళ్లు ఏం చేస్తున్నారో వినండి. వంతులేసుకుని ఒకరి షెడ్డు గోనెలు ఇంకొకరు తడుపుతున్నారు. నిన్న మన షెడ్డుకు భాను వచ్చింది. ఆమె పురుగులు అప్పటికే మొత్తం పోయాయి. "నీవి పోయినాయి కదమ్మా, మళ్లీ ఎందుకొచ్చినావు?" అన్నాను. "నావి పోయినాయని నీవీ పోవాల్నా?" అంది. మిగిలిన సగం అట్లా నిలిచినవే.

పొగ కనిపెట్టడానికి చెవులెందుకండీ, కళ్లు చాలవా? మోకాళ్లకు, తోడు కాపలాకొచ్చే పిళ్ళప్ప చెయ్యి ఇస్తాడు, వచ్చేముందే చెప్పి వచ్చాను. పెళ్లయ్యాక మిమ్మల్ని ఇంతగా బతిమాలడం ఇదే మొదలు. ఈ ఆదివారం ఒక్కటి వెళ్లండి, నా కోసం.

ఎదురుచూస్తూ,
అక్కయమ్మ


మిట్టేమరి, మార్చి 16

ప్రియమైన అక్కయమ్మకు,

కూర్చుని చదువు. పాపను ఒళ్లో పెట్టుకుని మాత్రం చదవకు.

నిన్న గుట్టెక్కాను. పిళ్ళప్ప అవతలి వాలుకు పోయాడు, నేను ఇవతల పెద్ద బండ దగ్గర కూర్చున్నాను. జేబులో కొత్త అగ్గిపెట్టె ఉంది. నువ్వు తిట్టే ఆ పాపిష్టివాడిని నేనే.

నాకు పన్నెండేళ్లప్పుడు మా నాయన ఆ బండ దగ్గరికి తీసుకుపోయాడు. "ఉగాదికి ముందు ఆదివారం గుట్ట కాల్చాలప్పా. పొగ పైకి పోతేనే మోడమై వాన పడతాది. ఊరందరి కోసరం మన ఇల్లు చేసే పని, ఎవురికీ చెప్పొద్దు" అన్నాడు. ఆయన పోయాకా నేను మానలేదు. పుణ్యమనే అనుకున్నాను అక్కయమ్మా, ఒట్టు. పోయినేడు వెళ్తే బండ మీద నువ్వున్నావు. వెనక్కి తిరిగి వచ్చేశాను. ఈసారి నువ్వు లేవు.

పుల్ల బయటికి తీశాక మొక్కలు కనిపించాయి. నేరేడు, కానుగ, చుట్టూ పేర్చిన రాళ్లు. ఒక్కోదానికి ఊతకర్ర, కర్రకు గుడ్డ పీలిక. నా పాత పంచె! దానికోసం పోయినేడు నీతో ఎంత రచ్చ చేశాను! నలభై ఒక్క మొక్కలు. అప్పుడు తట్టింది నా మొద్దు బుర్రకు, పోయినేడు గుట్ట కాలకపోయినా వాన వచ్చింది కదా అని. లేటుగా అయినా వచ్చింది కదా! అక్కడే కూలబడి ఏడ్చాను.

పిళ్ళప్ప పరుగెత్తుకొచ్చి "ఏమైందప్పా, జారి పడినావా?" అని చెవిలో అరిచాడు. అంతా చెప్పేశాను. వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. తర్వాత "మా నాయనా అదే చెప్పేటోడు గంగప్పా. అందరం నమ్మినోళ్లమే. ఊరి ముందర నువ్వే చెప్పు, నీ పక్కన నేను నిలబడతా" అన్నాడు.

ఊరికి చెప్పే ధైర్యం ఉంది. నీ ముఖం చూడాలంటేనే భయం. ఎంతైనా తిట్టు, ఇంటికి మాత్రం రా.

నీ గంగప్ప


సాదలి, మార్చి 20

నా గంగప్పకు,

మొట్టమొదటిసారి మీ పేరు రాస్తున్నాను, కోప్పడకండి.

నాకు తెలుసు. గుట్ట చివరిసారి కాలిన రోజు మీ తువ్వాలు నిండా పొగ వాసన, పంచె అంచున గడ్డిముళ్లు. అడిగితే మీరు బొంకుతారు, నేను నమ్మినట్టు నటించాలి. అందుకని అడగలేదు. ఆ పాపిష్టివాడిని రెండేళ్లుగా మీ ముందరే గొంతు చించుకుని తిట్టాను. మీకు వినపడనే లేదు! కాగితం మీద రాస్తే వినపడుతుందని రాశాను.

కాపలా వంతులు పంచేటప్పుడు ఆదివారం కావాలని పట్టుబట్టింది కూడా నేనే. నేను కూర్చున్న గుట్టకు మీరు నిప్పు పెట్టరని నాకు నమ్మకం. ఈసారి నేను లేకపోయినా ఆ మొక్కలు చూస్తే ఆగుతారనుకుని మిమ్మల్ని పంపి, నాలుగు రోజులు అన్నం సహించలేదు.

ఊరి ముందు చెప్పండి. నమ్మినవాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారో, మీరు చెబితేనే వాళ్లూ నోరు విప్పుతారు. ఆదివారం పొద్దున బస్సుకు బాగేపల్లిలో దిగుతాను. ఇద్దరం కలిసే గుట్టెక్కుదాం, మొక్కలకు తలా ఒక బిందె మోద్దాం.

మన పాత అగ్గిపెట్టె తెస్తున్నాను, అది తొందరలో సంచిలో పడింది కాదు. వంటింటి గూట్లో, ఎప్పుడూ ఉండే చోటే పెడతాను.

మీ అక్కయమ్మ